నూటికి నలభై

మాస్టారు పోయి పదమూడు నెలలైనా, ఆ గదిలోకి వెళ్ళేముందు ఆయన భార్య తలుపు మీద రెండుసార్లు తట్టడం మానలేదు. బతికుండగా అది ఆయన పెట్టిన నియమం. లోపల జిగురు పని జరుగుతుండగా తలుపు విసురుగా తెరిస్తే గాలికి దుమ్ము లేస్తుంది. తడి అతుకు మీద దుమ్ము పడితే ఆ రోజు పనంతా నీళ్ళపాలు. ఇప్పుడు లోపల ఎవరూ లేరని ఆమెకు తెలుసు. తెలిసే తట్టేది. తట్టి, ఊపిరి బిగబట్టి, రెండు క్షణాలు ఆగేది. ఆ రెండు క్షణాల్లో లోపల కాగితం కప్పు అంచుకు పుల్ల రాసుకుంటున్న చప్పుడు వినిపించేది. ఎవరో జిగురు కలుపుతున్న చప్పుడు. గడియ తీయగానే ఆగిపోయేది.

లోపల అన్నీ ఎక్కడివక్కడే ఉండేవి. మేకుకు వేలాడుతున్న ముసుగు ఇంకా ఆయన ముక్కు ఆకారంలోనే ఉబ్బి ఉంది. దండెం మీద రబ్బరు తొడుగులు ఎవరి చెయ్యో పట్టుకోబోతున్నట్టు వేళ్ళు కొద్దిగా ముడుచుకుని ఉన్నాయి. బల్ల మీద, మనిషి వెల్లకిలా పడుకున్నంత పొడవున, బూడిదరంగు జెట్ విమానం ఉంది. దానికి తోక లేదు.

"మీ ఆయన బొమ్మ విమానాలు చేసేవారటగా" అని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్ళు మండేది. బొమ్మలా అవి? కిరసనాయిలు తాగే అసలైన ఇంజను, కారు కూడా అందుకోలేని వేగం, కిందపడితే గుంట పడే బరువు. లేతు పని నేర్పే బళ్ళో ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి రిటైరయ్యాక ఈ గదిలోనే మళ్ళీ ఉద్యోగంలో చేరాడు. ఇంట్లో కుళాయి కారుతుంటే ఆరు నెలలకు గాని చూసేవాడు కాదు. రెక్కలో వెంట్రుకంత బీట కనిపిస్తే ఆ పూట అన్నం మాటెత్తేవాడు కాదు. ఆఖర్లో చేతులు వణకడం మొదలయ్యాక జిగురు తూచి కలిపే పని ఆమెకు వచ్చింది. ఆయన పక్కన నిలబడి అంకెలు చెబితే ఆమె కలిపేది.

ఎగరేసేది మాత్రం ఆయన తమ్ముడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపి, ఒక్క గీత కూడా పడనివ్వని డ్రైవరు. ఇంటా బయటా అందరూ అతన్ని పైలట్ అనే పిలుస్తారు. "నిజం విమానం మెట్టు కూడా ఎక్కలేదు నేను, ఎక్కితే నా పేరు పోతుందని భయం" అనేవాడు నవ్వుతూ. చేతిలో రిమోటు పట్టుకుని, తల వెనక్కి వాల్చి, ఆకాశంలో చుక్కంత జెట్‌ను తాడు కట్టి తిప్పినట్టు తిప్పేవాడు. అన్న చెయ్యాలి, తమ్ముడు ఎగరెయ్యాలి, వదిన మధ్యలో టీ పొయ్యాలి. అలా ఏళ్ళు గడిచాయి.

దీనికి ముందరి జెట్ పడిపోయిన రోజుతో అదంతా పోయింది. మలుపు తిరుగుతుండగా దాని తోక ఊడింది. తోక ఒకవైపు, జెట్ ఒకవైపు. అందరూ చూస్తుండగా మాస్టారు తమ్ముడి వైపు తిరిగి ఒకే ఒక్క మాట అన్నాడు: "బస్సు తిప్పినట్టు తిప్పావు." అంతే. ఆ తరువాత ఎనిమిది నెలలు అన్నదమ్ముల మధ్య మాట లేదు. తొమ్మిదో నెల మొదట్లో మాస్టారు గుండె ఆగిపోయింది. మాట్లాడుకోవడానికి ఇక ఇద్దరిలో ఒక్కడే మిగిలాడు.

ఆ రోజు నుంచి పైలట్ ప్రతి ఆదివారం వస్తున్నాడు. అన్న సగంలో వదిలిన జెట్‌ను పూర్తిచేస్తున్నాడు. ఆదివారం సాయంత్రం అతను వెళ్ళిన దగ్గర్నుంచీ ఆమె మళ్ళీ ఆదివారం కోసం చూసేది. అతను అరగంట ఆలస్యమైతే నాలుగుసార్లు గుమ్మంలోకి వచ్చి చూసేది. ఆమెకు ఇంకెవరూ లేరు. పిల్లలు కలగలేదు. పుట్టింటివైపు వాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వారానికి ఒక్కసారి "వదినా" అనే ఆ ఒక్క గొంతే ఆమెకు మిగిలిన చుట్టరికం.

"తోక ఒక్కటే మిగిలింది, వదినా" అన్నాడు పైలట్ ఒక ఆదివారం. "జిగురు నువ్వే తెచ్చిపెట్టాలి."

"నాకేం తెలుసయ్యా?"

"ఇన్నాళ్ళు కలిపిన చెయ్యి. నీకు తెలీకపోతే నాకు తెలుస్తుందా? నేను టైరుకి గాలి కూడా ఇంకొకడి చేత కొట్టించేవాణ్ణి."

"మరి ఎగరేసేది నువ్వేగా. నీకు నచ్చింది తెచ్చుకోరాదూ?"

అతను గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "నేను ఎగరెయ్యను. మైదానంలో ఎగరేసే క్లబ్బు వాళ్ళెవరికైనా ఇస్తాను. ఈ చేతులు ఒకసారి చేసింది చాలు."

అప్పుడు గమనించిందామె. ఈమధ్య అతను తనే బండి నడుపుకుని రావడం లేదు, అల్లుడు కారులో తెచ్చి దింపుతున్నాడు, మళ్ళీ సాయంత్రం వచ్చి తీసుకెళ్తున్నాడు. ఎందుకని అడిగితే కళ్ళు సరిగ్గా ఆనడం లేదన్నాడు. బల్ల మీద సూదిమొనంత మరను వెతికి బిగించే కళ్ళు అవి. తగ్గింది చూపు కాదని ఆమెకు అర్థమైంది.

మాస్టారి నోటుబుక్కులో ఏ అతుకుకు ఏ జిగురో వరసగా రాసి ఉంది. చక్రాల చెక్కలకు ఒకటి, రెక్క గొట్టానికి ఒకటి. తోక దగ్గర మాత్రం జిగురు పేరు లేదు. "నూటికి నలభై. తూచి" అని రాసి, కింద మూడుసార్లు గీత గీసి ఉంది. కాగితం చిరిగేంత గట్టిగా గీశాడు. అంత గట్టిగా ఎందుకు గీశాడో ఆమెకు అర్థం కాలేదు. అలమరలో ఉన్న పాత డబ్బా తీసి చూస్తే రెసిన్ తెల్లగా పేరిన తేనెలా గడ్డకట్టి ఉంది. పక్కన, దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డెనర్ సీసాలో ద్రవం ఎర్రబడింది.

మర్నాడు మొదట వీధి చివర సామాన్ల కొట్టుకు వెళ్ళింది. కొట్టతను రెండు చిన్న ట్యూబులు ఆమె ముందు విసిరాడు.

"అయిదు నిమిషాలమ్మా! అయిదంటే అయిదే. ఆ తరవాత ఏనుగు లాగినా ఊడదు."

"ఏనుగు లాగదు నాయనా. పక్కనే ఇంజను గొట్టం పోతుంది, వేడి లాగుతుంది."

అతను ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ట్యూబులు వెనక్కి తీసుకున్నాడు. "అయితే ఇది నా లెవెల్ కాదు. వెల్డింగు షెడ్లు దాటి వెళ్ళండి. పడవల సామాను అమ్మే ఆవిడ ఉంటుంది. ఆవిడ్ని అడగండి, ఆవిడ తిరిగి మిమ్మల్ని నూరు అడుగుతుంది."

అన్నట్టే అయింది. డ్రమ్ముల మధ్య, గాజుబట్ట చుట్టల మధ్య, మెడలో గొలుసుకు కళ్ళజోడు వేలాడేసుకుని కూర్చున్న నలభై ఏళ్ళ మనిషి, మొదట బేరం మాటే ఎత్తలేదు.

"ఏ చోటికి?"

"తోక కూర్చునే చోటికి."

"సందు ఎంత?"

"గోరంత."

"వేడి?"

"గొట్టం పక్కన చెయ్యి పెట్టలేం."

"పట్టి కూర్చోబెట్టడానికి ఎంతసేపు కావాలి?"

"అరగంట. తొందరపడితే వంకర వస్తుంది."

కొట్టావిడ కళ్ళజోడు పెట్టుకుని ఆమెను మళ్ళీ చూసింది. "పెద్దమ్మా, మీరు నా దగ్గర పనికి చేరండి. వచ్చేవాళ్ళలో సగంమంది సందు అంటే వీధి సందు అనుకుంటారు." లేచి పై అర నుంచి ఒక డబ్బా, ఒక సీసా, ఒక పొట్లం దించింది. "ఇది నిదానంగా బిగిసేది. అరగంట పనికొస్తుంది, ఒక రోజు కదపకూడదు. బిగిశాక దీపం పెట్టి వెచ్చబెడితే వేడికి ఆగుతుంది. జారిపోకుండా ఈ పత్తిపొడి కలపండి, తేనెకన్నా చిక్కగా. పాళ్ళు తెలుసా?"

"నూటికి నలభై." ఆమె డబ్బా సంచిలో పెట్టుకుంటూ, మాటవరసకు అంది: "చల్లటి రోజైతే హార్డెనర్ నాలుగు చుక్కలు ఎక్కువ వేసుకోవచ్చు కదమ్మా. తొందరగా గట్టిపడుతుంది."

కొట్టావిడ నవ్వింది. "అది ఘాటుకు ముక్కులు బద్దలయ్యే ఆ పాత రెసిన్ సంగతి. ఫైబరు నీళ్ళ తొట్లు పోసే షెడ్లలో వాడతారే, అది. దానికి చుక్కలు పెంచితే త్వరగా బిగుస్తుంది. దీనికి అలా కాదు. దీంట్లో ఇదీ అదీ జతగా పట్టుకోవాలి. ఎక్కువైనదానికి జత దొరకదు. లోపలే మిగిలిపోతుంది. పైకి రాయిలా ఉంటుంది, తడితే మోగుతుంది. వేడి తగిలిందా, రబ్బరే."

ఆమె సంచి మూతి పట్టుకుని అలాగే ఉండిపోయింది. పెళ్ళికి ముందు ఆమె పనిచేసింది నీళ్ళ తొట్లు పోసే షెడ్డులోనే. చలిరోజు చుక్కలు పెంచమని మేస్త్రీ నేర్పిన పాఠం నలభై ఏళ్ళు ఆమె చేతిలోనే ఉండిపోయింది. ముందరి జెట్‌కు తోక అతికిన రోజు మబ్బు పట్టి చలిగా ఉంది. రెండు రోజుల్లో ఎగరెయ్యాలి. బిగుస్తుందో లేదోనని మాస్టారు గాభరాపడుతున్నాడు. ఆయన కొలబద్ద కోసం అటు తిరిగిన క్షణంలో, పాపం ఈయన బెంగ తీరుతుందని, ఆమె హార్డెనర్ సీసా ఇంకాస్త వంచింది. మంచి చేశాననుకుంది. అడిగితే గొప్పగా చెబుదామని కూడా అనుకుంది. ఆయన అడగలేదు.

"మీలాగే ఒకాయన వచ్చాడు రెండేళ్ళ కింద" అంటోంది కొట్టావిడ, లావుపాటి దారంతో పొట్లం కడుతూ. "చేతులు వణుకుతున్నాయి పాపం. విమానం పడి పది రోజులైందంటూ విరిగిన తోక ముక్క తెచ్చి ఇక్కడ పెట్టాడు. నేను దీపం కింద వెచ్చబెట్టి గోరు గుచ్చితే దిగబడింది. హార్డెనర్ ఎక్కువైంది సార్, ఎవరు కలిపారు అన్నాను. చాలాసేపు ఆ ముక్కనే చూశాడు. 'నేనే కలిపాను' అన్నాడు. అంత వణికే చేతులతోనా అని నాకు అనుమానమే. అడిగితే బావుండదని ఊరుకున్నాను. వెళ్ళేటప్పుడు రెండుసార్లు వెనక్కి వచ్చాడు. నూటికి నలభయ్యేగా, తూచేగా అని. ఏం పెద్దమ్మా, కూర్చుంటారా? నీళ్ళు కావాలా?"

ఆమె అక్కర్లేదంది. ఇంటికి ఎలా వచ్చిందో తెలియదు. వెల్డింగు షెడ్లు దాటేటప్పుడు వెనక ఎవరో తనతో అడుగు కలిపి నడుస్తున్నట్టుంది. ఆగితే ఆగుతోంది, నడిస్తే నడుస్తోంది. గది ముందుకు వచ్చి తలుపు తట్టబోయి చెయ్యి దించేసింది. మొదటిసారి, ఆ రెండు క్షణాలు ఆగడానికి ధైర్యం చాలలేదు.

పది రోజులకే ఆయనకు తెలిసిందన్నమాట. తమ్ముడి తప్పు కాదని తెలిసింది. తమ్ముణ్ణి అన్న ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే తప్పు ఎవరి చేతిదో చెప్పాలి. ఆయన ఆ మాటా వెనక్కి తీసుకోలేదు, ఆమె పేరూ బయటపెట్టలేదు. తమ్ముణ్ణి వదులుకున్నాడు. ఆ ఎనిమిది నెలలూ పక్కనే కూర్చుని ఆమె కలిపిన టీ తాగాడు. ఒక్కసారైనా ఆమె వైపు వేరుగా చూశాడా అని ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఆ ఆదివారం పైలట్ అడిగితే "జిగురు దొరకలేదు" అంది. పై ఆదివారమూ అదే చెప్పింది. డబ్బా బియ్యం డ్రమ్ము వెనక ఉంది. అతను మాత్రం విసుక్కోలేదు. టీ తాగుతూ, రిమోటు ఎవరో అడిగారు, అమ్మేస్తున్నానని చెప్పాడు. పళ్ళు అమ్మినంత తేలిగ్గా చెప్పాడు. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"అమ్మకు" అంది.

"ఎందుకూ? ఇంట్లో ఉంటే రోజూ చూడాలి దాన్ని."

"ఇంకొక్క వారం ఆగు. జిగురు దొరికేట్టుంది."

మూడో ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ గదిలో ఉన్నారు. ఆమె తూకం మీద కప్పు పెట్టి, రెసిన్ యాభై గ్రాములు పోసింది. తరువాత హార్డెనర్. నూటికి నలభై అంటే యాభైకి ఇరవై. పద్దెనిమిది దగ్గర చెయ్యి ఆగిపోయింది. చుక్క. అంకె చూడటం. చుక్క. అంకె చూడటం.

"ఇరవై ఒకటైతే ఏమవుతుంది వదినా, మునిగిపోతామా? మందు పోస్తున్నట్టు పోస్తున్నావు."

ఇరవై దగ్గర ఆమె సీసా మూత బిగించి, మూడు నిమిషాలు కలిపి, పత్తిపొడి వేసి మళ్ళీ కలిపింది. పైలట్ అతుకుచోట పూసి, తోకను కూర్చోబెట్టి, మూలమట్టం ఆనించి, రెండు చేతులతో పట్టుకున్నాడు.

"టేపు, వదినా."

ఆమె చేతిలో టేపు ఉంది. ఇవ్వలేదు.

"ఆ జెట్‌కి ఇరవై ఆరు పోశాను" అంది.

"ఏ జెట్‌కి?"

"పడిపోయినదానికి. యాభైకి ఇరవై ఆరు, ఇంకా ఎక్కువేనేమో. తూచలేదు. ఎక్కువైతే మెత్తబడుతుందట. నాకు తెలియదు. బలం వస్తుందనుకున్నాను. నువ్వు ఎలా తిప్పినా ఊడేదే అది. నువ్వు తిప్పినందుకు కాదు."

పైలట్ చేతులు తోక మీదే ఉన్నాయి. వదిలితే అది వాలిపోతుంది. అతను ఎక్కడికీ పోలేడని తెలిసే ఆమె ఇప్పుడు చెప్పింది. ఆ సంగతి చెబుతుండగానే ఆమెకు తెలిసింది.

"ఎవరన్నారు?"

"పడవల సామాను కొట్టావిడ. మీ అన్నయ్య ఆ ముక్క తీసుకెళ్ళి చూపించారట."

"ఎప్పుడు?"

"పడిన పది రోజులకే."

"అన్నయ్యకి తెలుసా?" గొంతు పెరగలేదు. "తెలిసే ఎనిమిది నెలలు..."

"చెబితే నా పేరు చెప్పాలి. నేనే కలిపానని చెప్పారట ఆవిడతో."

"టేపు ఇవ్వు."

ఆమె చించి ఇచ్చింది. అతను ఒకవైపు అతికించాడు. "ఇంకోటి." ఇచ్చింది. "పొడుగ్గా." పొడుగ్గా చించింది. మూలమట్టం మళ్ళీ ఆనించి, ఒక కన్ను మూసి చూసి, వెంట్రుకవాసి జరిపాడు. పని ఎక్కడా తడబడలేదు. అంతా అయ్యాక తొడుగులు విప్పుతూ అడిగాడు:

"నీకెప్పుడు తెలిసింది?"

"మూడు వారాలైంది."

"మరి జిగురు దొరకలేదన్నావు."

"అబద్ధం చెప్పాను. చెబితే నువ్వు రావు."

అతను కిటికీ వైపు చూశాడు. "ఆ ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు ఈ వీధిలోకి వచ్చానో తెలుసా నీకు? ఆ ఎదర దీపస్తంభం దాకా వచ్చి వెళ్ళిపోయేవాణ్ణి."

"తెలుసు. చూసేదాన్ని."

"అన్నయ్య?"

ఇక్కడ ఒక అబద్ధం ఆడితే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా.

"ఆయనా చూసేవారు" అంది. "నువ్వు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడేవారు."

పైలట్ స్టూలు మీద కూర్చున్నాడు. ఏడవలేదు. తన రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ చేతులు వణకడం లేదు. ఎప్పుడూ వణకలేదు. ఆమెకు దగ్గరకు వెళ్ళాలనిపించింది. ఈలోగా కప్పులో మిగిలిన జిగురు వేడెక్కి, సన్నగా పొగ లేచి, గది నిండా ఘాటు నిండింది. అతను లేచి కిటికీ తెరిచి, కప్పును ఇసుక డబ్బాలో పెట్టి వచ్చాడు.

"ఇది నేనే ఎగరేస్తాను" అన్నాడు.

"ఎగరెయ్యి."

"నువ్వు మైదానానికి రావద్దు."

"సరే."

"రేపు సాయంత్రం దాకా కదపకూడదుగా. ఎల్లుండి పొద్దున వచ్చి తీసుకెళ్తాను. తాళంచెవి కుండీ కింద పెట్టి నువ్వు బజారుకెళ్ళు వదినా. నాకు..." ఆగాడు. "నాకు నీతో ఏం మాట్లాడాలో తెలీదు. అన్నయ్య దగ్గర అడగాల్సింది నీ దగ్గర అడుగుతానేమో."

"అడుగు."

"నువ్వు చెప్పలేవు" అన్నాడు, నెమ్మదిగానే. అల్లుడి కోసం ఆగకుండా బయటికి నడిచి వెళ్ళిపోయాడు.

ఆ రెండు రోజులూ ఆమె కొట్టావిడ చెప్పినట్టే చేసింది. ఒక రోజు కదపలేదు. తరువాత అతుకు దగ్గర దీపం పెట్టి వెచ్చబెట్టింది. ఎల్లుండి పొద్దున తాళంచెవి కుండీ కింద పెట్టి సంచి పట్టుకుని బయలుదేరింది. కొనాల్సింది ఏమీ లేదు. కూరల వరస ఒకసారి, గిన్నెల వరస ఒకసారి తిరిగింది. గడియారం చూసింది. తొందరగా వెళితే అతను ఇంకా అక్కడే ఉంటాడు, తనను చూసి మొహం తిప్పుకుంటాడు. ఆలస్యంగా వెళితే బల్ల ఖాళీగా ఉంటుంది. రెండింట్లో ఏది తట్టుకోగలదో తేల్చుకోలేక గిన్నెల వరస ఇంకోసారి తిరిగింది. గిన్నెలమ్మి "ఏం కావాలి పిన్నిగారూ, పొద్దున్నుంచీ చూస్తున్నా, గిన్నెలకి దిష్టి తగిలేట్టుంది" అంది. ఆమె ఒక మూత కొన్నది. ఏ గిన్నెకో అడిగితే చెప్పలేకపోయింది.

ఇంటి వీధి మొదట్లోకి వచ్చేసరికి ఎదురుగా వ్యాను వస్తోంది. ముందు అద్దంలోంచి, సీట్ల వెనక బూడిదరంగు తోక నిటారుగా కనిపించింది. ఇన్నాళ్ళకు స్టీరింగు దగ్గర పైలట్టే. పక్క సీట్లో అల్లుడు, దేన్నో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. వ్యాను ఆమెను దాటుతుండగా పైలట్ చూశాడు. చూశాడనే ఆమె నమ్మకం. తల తిప్పలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

ఆమె వెనక్కి తిరిగి నిలబడింది. మలుపు దగ్గర బ్రేకు దీపాలు ఎర్రగా వెలిగాయి. ఆ మలుపులో ఎవరైనా బ్రేకు వెయ్యాల్సిందే, ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా దీపాలు ఆరిపోయి వ్యాను కనుమరుగయ్యేదాకా, సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోకుండా, అక్కడే చూస్తూ నిలబడింది.